సెయింట్ సెయా సీజన్ 3 ఎక్కడ? నాలుగు గంటలుగా వెతుకుతున్నాను

హనుమకొండ పిల్లగాడు · రాత్రి 1:38

తొమ్మిదిన్నరకి మొదలుపెట్టాను, ఇప్పుడు ఒకటిన్నర దాటింది. సెయింట్ సెయా అనే జపాన్ యానిమేషన్ సిరీస్‌లో సీజన్ 2 చివరి ఎపిసోడ్ అయిపోయింది, ఆ తర్వాతది ఎక్కడా లేదు. "సీజన్ 3" అని కనబడిన ప్రతిదీ తెరిచాను. ఒకదాంట్లో కదలని బొమ్మల మీద పాట పెట్టారు. ఇంకోదాంట్లో మొదటి సీజన్ సీన్లనే ముక్కలు చేసి అతికించారు. ఒకటైతే అసలు వేరే కథ, ముఖాలే వేరు, కానీ పెగాసస్ యోధుడు ఉన్నాడు, పాతాళ దేవుడు హేడిస్ ఉన్నాడు. యుద్ధం సగంలో ఉంది, ఆకాశంలో ఆలోన్ గీస్తున్న బొమ్మ ఇంకా పూర్తి కాలేదు, సరిగ్గా అక్కడ ఆపేశారు. తర్వాత ఏమైందో తెలియకపోతే నిద్ర పట్టదు. పొద్దున ల్యాబ్ ఉంది. లింక్ తెలిసినవాళ్లు పెట్టండి ప్లీజ్.

ఎం · 1:44

ఏ సెయా? పేరు పూర్తిగా రాయండి.

హనుమకొండ పిల్లగాడు · 1:45

సెయింట్ సెయానే అన్నా. పెగాసస్ ఉంటాడు కదా, అదే.

రాజమండ్రి రాత్రి డ్యూటీ · 1:52

పెగాసస్ అన్నిట్లోనూ ఉంటాడు తమ్ముడూ. నువ్వు చూసినదాంట్లో హీరో పేరు సెయానా, టెన్మానా?

హనుమకొండ పిల్లగాడు · 1:53

టెన్మా. ఆలోన్, సాషా, టెన్మా. ముగ్గురూ చేతికి పూల కంకణాలు కట్టుకుంటారు చూడండి.

ఎం · 1:55

లాస్ట్ కాన్వాస్. మొత్తం 26 ఎపిసోడ్లు. సీజన్ 3 లేదు.

హనుమకొండ పిల్లగాడు · 1:56

లేదంటే, ఇంకా రాలేదనా?

ఎం · 1:57

తీయలేదు. 2011లో ఆగిపోయింది.

రాజమండ్రి రాత్రి డ్యూటీ · 2:20

ఎం గారు చెప్పింది నిజమే తమ్ముడూ, కాస్త వివరంగా చెప్తాను. లాస్ట్ కాన్వాస్ అసలు మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. సెయింట్ సెయా కథకి 243 ఏళ్ల ముందు జరిగిన యుద్ధం ఇందులో ఉంటుంది. గీసింది షియోరి టెషిరోగి అనే ఆవిడ. 2006లో మొదలుపెట్టి 2011లో ముగించారు, 25 సంపుటాలు. టీఎంఎస్ స్టూడియో వాళ్లు 2009లో 13 ఎపిసోడ్లు, 2011లో ఇంకో 13 తీశారు. అంటే కథ దాదాపు సగం దగ్గర ఆగింది. మిగతా సగం బొమ్మ కదిలే రూపంలో లేనే లేదు. నీకు దొరికినవి చాలావరకు అభిమానులు మాంగా పేజీలు, పాత సీన్లు తీసుకుని చేసుకున్నవి. ముఖాలు వేరుగా ఉన్నాయన్నావే, అది వేరే దర్శకుల పని అయి ఉంటుంది, దాని జోలికి ఇప్పుడు పోకు.

కాబట్టి లింక్ కోసం వెతకడం ఆపి పడుకో. తర్వాత కథ కావాలంటే మాంగా ఒక్కటే దారి.

పాత పుస్తకాల కొట్టు · ఉదయం 6:10

పొద్దున్నే ఈ చర్చ చూసి ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఈ సిరీస్ చూసినవాళ్లలో ఎంతమంది అస్మిత పాత్రని గమనించారు? అథీనా తరఫున పోరాడే పన్నెండు రాశుల స్వర్ణయోధుల్లో కన్యారాశివాడు, చూపు లేనివాడు. పేరు చూడండి, అస్మిత. యోగసూత్రాల్లో చెప్పిన ఐదు క్లేశాల్లో రెండోది. అవిద్య, అస్మిత, రాగం, ద్వేషం, అభినివేశం. "నేను" అనే భావన అన్నమాట. ఒక జపాన్ కథలో ఆ పేరు పెట్టారంటే ఊరికే కాదు.

అతను తన ప్రాణం మొత్తం ధారపోసి 108 పూసల జపమాల తయారు చేస్తాడు. హేడిస్ సైన్యంలో 108 మంది ఉంటారు, ఒక్కొక్కరినీ బంధించడానికి ఒక్కో పూస. ఆ పూసల కోసమే టెన్మా వాళ్లు పాతాళానికి వెళ్లి ఒక చెట్టు పండ్లు తెస్తారు. ఆ చెట్టు కల్పితమే అనుకోండి. కానీ చైనా బౌద్ధంలో ఒక చిన్న సూత్రం ఉంది, అందులో బుద్ధుడు ఒక రాజుకి చెప్తాడు, 108 కుంకుడు గింజలు గుచ్చుకుని జపం చేసుకోమని. కుంకుడు అంటే మన ఇళ్లలో తలంటుకి వాడే కుంకుడు జాతిదే. మా నాయనమ్మ రోలు పక్కన కూర్చుని రాయితో కాయలు కొట్టేది. పై తొక్క వేడినీళ్లలోకి పోయేది, గింజలు మాకు. నల్లగా, గుండ్రంగా, నున్నగా ఉండేవి, నేలకేసి కొట్టినా పగిలేవి కావు. ఆ జపమాల సీన్ వచ్చినప్పుడు నా చేతికి ఆ గింజలే తగిలాయి. గ్రీకు కథ అని అందరూ అంటారు, లోపల ఇంత బౌద్ధం ఉందని ఎవరూ చెప్పరు.

ఎం · 6:31

అడిగింది సీజన్ 3 గురించి.

పాత పుస్తకాల కొట్టు · 6:40

దానికి జవాబు రాత్రే వచ్చింది కదండీ. నేను చెప్పేది ఆ 26 ఎపిసోడ్లలో ఏముందో.

తెలుగు మాట · 8:05

ఇక్కడ చాలామంది దీన్ని ప్రీక్వెల్ అంటుంటారు. పూర్వకథ అనే చక్కటి మాట మనకుంది, అందరికీ అర్థమవుతుంది. ఇంకో విషయం. సెయింట్ అన్న మాటకి సబ్‌టైటిళ్లలో "సాధువు" అని వస్తోంది. తప్పు. జపనీస్‌లో రాసే అక్షరాలకు అర్థం పవిత్ర యోధుడు, పైన చదవడానికి మాత్రం సెయింట్ అని పెట్టారు. అలాగే ఆ యోధులు వేసుకునే క్లాత్ అంటే బట్ట కాదు, కవచం. "అతని బట్ట విరిగిపోయింది" అని చదివి ఎవరికి ఏడుపు వస్తుంది చెప్పండి?

గాజువాక గెలాక్సీ · 8:22

పూర్వకథ అంటే ఫ్లాష్‌బ్యాక్ కూడా అవుతుంది కదా అండీ. అసలు కథ మధ్యలో హీరో చిన్నప్పటి సంగతి చెప్తే అదీ పూర్వకథే. ప్రీక్వెల్ వేరు, అది విడిగా నిలబడే కథ. నేను ప్రీక్వెల్ అనే రాస్తాను.

అసలు లాస్ట్ కాన్వాస్‌ని ప్రీక్వెల్ అనొచ్చా అనేదే నా సందేహం. సెయింట్ సెయా గీసిన మసామి కురుమాడానే అదే 18వ శతాబ్దపు యుద్ధాన్ని నెక్స్ట్ డైమెన్షన్ పేరుతో విడిగా గీశారు. అదీ 2006లోనే మొదలైంది, 2024లో ముగిసింది. అందులోనూ టెన్మా ఉన్నాడు, ఆలోన్ ఉన్నాడు, డోకో, షియోన్ ఉన్నారు, మిగతా స్వర్ణయోధులు మాత్రం వేరు. రెండూ ఒకేసారి నిజం కాలేవు. మూలకర్త రాసిందే లెక్క.

రాజమండ్రి రాత్రి డ్యూటీ · 8:50

లెక్కకి అదే కావచ్చు గాజువాక గారూ. కానీ నాకు డోకో ఎవరో, షియోన్ ఎవరో తెలిసింది లాస్ట్ కాన్వాస్ వల్లే. రామాయణం ఎంతమంది చెప్పినా మన ఇంట్లో విన్నదే మనకి రామాయణం.

తెలుగు మాట · 8:58

ఫ్లాష్‌బ్యాక్‌కి "గతం" అనొచ్చు. పూర్వకథకి వచ్చిన ఇబ్బందేమీ లేదు.

హనుమకొండ పిల్లగాడు · మధ్యాహ్నం 1:15

ల్యాబ్ అయిపోయింది. అందరికీ థాంక్స్. మాంగా చదవడం నాకు అలవాటు లేదు, అయినా ప్రయత్నిస్తాను. ఒక్క డౌట్. డోకో, షియోన్‌లని అంత గొప్పగా చూపిస్తారేంటి? నాకు ఆల్బాఫికా నచ్చాడు, తన రక్తమే విషమని ఎవరినీ దగ్గరికి రానీయని ఆయన. మానిగోల్డో, వాళ్ల గురువు సేజ్ కలిసి మృత్యుదేవుడితో తలపడే సీన్ అయితే మూడుసార్లు చూశాను. డోకో మాత్రం మామూలుగా అనిపించాడు. అసలు సిరీస్ కూడా చూశాను కదా, అందులో కూడా ఆయన గుర్తులేడు.

గాజువాక గెలాక్సీ · 1:21

అసలు సిరీస్ చూసి డోకో గుర్తులేడా? ఎలా?

హనుమకొండ పిల్లగాడు · 1:24

చూశాను అన్నా, నిజం. సెయా, షిర్యూ, హ్యోగా, ఆ ఆండ్రోమెడా అమ్మాయి, ఇక్కీ.

ఎం · 1:25

ఆండ్రోమెడా అమ్మాయి కాదు. మీరు చూసింది 2019 రీమేక్. 1986ది చూడండి.

రాజమండ్రి రాత్రి డ్యూటీ · 2:40

ఓహో, ఇదా సంగతి. ఈ ముక్క రాత్రే చెప్పి ఉంటే సగం చర్చ తగ్గేది తమ్ముడూ. నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన కంప్యూటర్ బొమ్మల రీమేక్‌లో ఆండ్రోమెడాని అమ్మాయిగా మార్చారు. పాతదాంట్లో అతను అబ్బాయి, పేరు షున్. నువ్వు పాతది చూడకుండా లాస్ట్ కాన్వాస్ చూశావు. అందుకే డోకో మామూలుగా కనబడ్డాడు.

1986 అక్టోబర్‌లో మొదలైన తోయ్ యానిమేషన్ వాళ్ల సిరీస్‌లో చైనాలో రోజాన్ అనే చోట ఒక జలపాతం ఉంటుంది. దాని ముందు బండ మీద ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. పొట్టిగా, ముడతలు పడి, ఊదారంగు ఒళ్లు, తల మీద పెద్ద టోపీ. హీరోల్లో ఒకడైన షిర్యూకి గురువు. ఎవరొచ్చి పిలిచినా లేవడు. ఏథెన్స్ దగ్గర శాంక్చువరీలో, అంటే అథీనా యోధులుండే చోట, అంత ఘోరం జరుగుతుంటే కూడా లేవడు. చిన్నప్పుడు నాకు ఆయన మీద కోపం వచ్చేది, ఇంత శక్తి ఉండి ఊరికే కూర్చున్నాడేంటని. చాలా తర్వాత తెలుస్తుంది, ఆయన 243 ఏళ్లుగా అక్కడ కాపలా కూర్చున్నాడని. హేడిస్ సైన్యంలోని 108 మంది దయ్యాలను బంధించిన ముద్ర ఎప్పుడు విడిపోతుందా అని కళ్లు ఆర్పకుండా చూస్తున్నాడు. ఆయన గుండె ఏడాదికి లక్షసార్లే కొట్టుకుంటుంది, మనకి ఒక్క రోజులో కొట్టుకునేంత. అథీనా ఇచ్చిన వరం అది. ఏడాది గడిస్తే ఆయన ఒంటికి ఒక్క రోజే గడిచినట్టు.

ఆ ముసలాయనే డోకో. లాస్ట్ కాన్వాస్‌లో నీకు మామూలుగా అనిపించిన ఆ పద్దెనిమిదేళ్ల కుర్రాడు. టెన్మాని వెంటబెట్టుకుని శాంక్చువరీకి తీసుకొచ్చింది ఆయనే కదా. స్నేహితులందరూ ఒక్కొక్కరే పోతుంటే చూశాడు, చివరికి ఇద్దరే మిగిలారు, ఆయనా షియోనూ. ఒకరు జలపాతం దగ్గర కూర్చున్నారు, ఇంకొకరు శాంక్చువరీకి పెద్ద అయ్యారు. మళ్లీ ఒకరినొకరు ఎలా ఎదురుపడతారో పాతదాంట్లో చూడు, నేను చెప్పను. నేను లాస్ట్ కాన్వాస్ చూశాక వెనక్కి వెళ్లి ఆ జలపాతం సీన్లు మళ్లీ పెట్టుకున్నాను. ఆయన ఏమీ మాట్లాడడు, నీళ్ల చప్పుడే వినబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఆ సీన్ అయిపోతే బాగుండనిపించింది, రెండోసారి కదల్లేకపోయాను.

కాబట్టి వరుస ఇది. ముందు పాత టీవీ సిరీస్, 114 ఎపిసోడ్లు. మొదటి 73 శాంక్చువరీ కథ, అవి ఒక్కటి కూడా వదలొద్దు. 74 నుంచి 99 దాకా ఆస్గార్డ్ అనే ఉత్తరాది రాజ్యం కథ, అది మాంగాలో లేదు, టైం లేకపోతే తర్వాత చూసుకోవచ్చు, సంగీతం మాత్రం అద్భుతం. 100 నుంచి సముద్ర దేవుడు పొసైడన్ కథ, అది కావాలి, ఎందుకంటే నువ్వు ఇప్పుడే చూసిన కుంభరాశి యోధుడు డెజెల్ ఎపిసోడ్లకి దానికీ సంబంధం ఉంది. ఆ తర్వాత 2002 నుంచి 2008 మధ్య వచ్చిన హేడిస్ కథ, 31 ఎపిసోడ్లు. అది అయ్యాక లాస్ట్ కాన్వాస్ మళ్లీ చూడు. ఆ తర్వాతే మాంగా.

హనుమకొండ పిల్లగాడు · 2:52

145 ఎపిసోడ్లా అన్నా? వచ్చే నెల సెమిస్టర్ పరీక్షలు. టెన్షన్ వస్తోంది.

రాజమండ్రి రాత్రి డ్యూటీ · 2:55

పరీక్షలు అయ్యాక చూడు. ఆయన 243 ఏళ్లు ఆగాడు, నువ్వు ఒక నెల ఆగలేవా.

గాజువాక గెలాక్సీ · 3:30

షున్ ఎందుకు ముఖ్యమో కూడా చెప్పండి. ఆలోన్‌కీ షున్‌కీ

ఎం · 3:31

చెప్పకండి. ఆ పిల్లాడు చూడలేదు.

గాజువాక గెలాక్సీ · 3:34

సారీ, సగంలో పడిపోయింది. చెరిపేయడం రావట్లేదు. తమ్ముడూ, పైన రాసింది పట్టించుకోకు.

పాత పుస్తకాల కొట్టు · సాయంత్రం 5:15

హేడిస్ గురించి కూడా ఒక మాట. గ్రీకుల హేడిస్ చెడ్డవాడు కాడు. ముగ్గురు అన్నదమ్ములు చీట్లు వేసుకుంటే జ్యూస్‌కి ఆకాశం, పొసైడన్‌కి సముద్రం, హేడిస్‌కి పాతాళం వచ్చాయి. ప్రాణం తీసే పని ఆయనది కాదు, అది థానటోస్ పని. నిద్ర దేవుడు హిప్నోస్, థానటోస్ కవలలు, రాత్రి దేవత కొడుకులు. మైనోస్, రాడమాంథిస్, ఐయాకోస్ ముగ్గురూ పాతాళంలో న్యాయమూర్తులు. సిరీస్‌లో వాళ్లని సేనాపతుల్ని చేశారు, అది వాళ్ల ఇష్టం. కానీ ఆలోన్‌ని చూడండి. మంచి పిల్లాడు. అసలైన ఎరుపు రంగు కోసం వెతుక్కుంటూ వెళ్లినవాడు. లోకంలో బాధ చూడలేక, చావు ఒక్కటే విముక్తి అనుకుని అందరినీ బొమ్మలో గీస్తాడు. గీసిన ప్రాణి చచ్చిపోతుంది. ఎదురుగా నిలబడింది సొంత చెల్లెలు సాషా, ఆమే అథీనా. దేవుళ్ల యుద్ధాన్ని ఒక అనాథాశ్రమంలో పెరిగిన ముగ్గురు పిల్లల మధ్యకి తెచ్చింది టెషిరోగి గారే. పాత సెయింట్ సెయాలో హేడిస్‌కి ఇంత మనసు లేదు.

తెలుగు మాట · 5:40

ఇది మాత్రం ఒప్పుకుంటాను. "హేడిస్"కి యముడు అని సబ్‌టైటిల్ వేస్తే కూడా ఇదే ఇబ్బంది. యముడు ధర్మరాజు, లెక్క చూసి తీర్పు చెప్పేవాడు. పేరు పేరుగానే ఉంచాలి.

గాజువాక గెలాక్సీ · 5:48

పేరు పేరుగా ఉంచాలంటే ప్రీక్వెల్‌ని ప్రీక్వెల్‌గానే ఉంచొచ్చు కదా.

తెలుగు మాట · 5:50

అది పేరు కాదు, మాట.

హనుమకొండ పిల్లగాడు · రాత్రి 10:35

పరీక్షలయ్యాక అనుకున్నాను కానీ ఆగలేక మొదటి రెండు ఎపిసోడ్లు చూసేశాను. పాత బొమ్మలైనా ఆ మొదటి పాట వస్తుంటే ఒళ్లు పులకరించింది. జలపాతం ఇంకా రాలేదు. థాంక్స్ అన్నా.

రాజమండ్రి రాత్రి డ్యూటీ · 11:20

వస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడు.

నెల్లూరు చదువరి · మూడు రోజుల తర్వాత, ఉదయం 9:02

నాదీ ఇదే సమస్య, పాతవన్నీ చూసేశాను కూడా. 26వ ఎపిసోడ్ తర్వాత మాంగా ఏ అధ్యాయం నుంచి చదవాలో ఎవరైనా నంబర్ చెప్తారా? మొదటి నుంచి మళ్లీ చదివే ఓపిక లేదు.