పీడీజీఎఫ్ పోస్తున్నా ఓపీసీలు కొమ్మలేసి ఆగిపోతున్నాయి

తార్నాక_గ్లియా:
పుట్టి ఒకటి రెండు రోజులైన ర్యాట్ పిల్లల కార్టెక్స్‌తో మిక్స్‌డ్ గ్లియా (న్యూరాన్లకు తోడుండే మెదడు కణాలు) కల్చర్, రాత్రంతా షేకింగ్‌తో విడదీసిన ఓపీసీలు (మైలిన్ తయారుచేసే ఆలిగోడెండ్రోసైట్లుగా మారే మూలకణాలు). మీడియం: డీఎంఈఎం/ఎఫ్12, బీ27 సప్లిమెంట్, ఓపీసీల విభజనకు పెరుగుదల ఫ్యాక్టర్ పీడీజీఎఫ్-ఏఏ 10 నానోగ్రాములు/మి.లీ. మూడో రోజుకే సగం కణాలు విభజన మానేసి కొమ్మలు వేస్తున్నాయి, ఎంబీపీ (పరిణతి చెందిన కణాల్లో వచ్చే మైలిన్ ప్రోటీన్) కూడా కనిపిస్తోంది. పీడీజీఎఫ్ చచ్చిపోయిందా?

షేకర్‌వాలా:
అందరూ ముందు పీడీజీఎఫ్ మీదే నింద వేస్తారు. బీ27 సంగతి చూడండి, అందులో టీ3 (థైరాయిడ్ హార్మోన్) ఉంటుంది. పీడీజీఎఫ్ ఒక్కటే ఉంటే ఓపీసీ కొన్నిసార్లు విభజన చెంది, పీడీజీఎఫ్ మీడియంలో ఉండగానే ఆగి పరిణతి మొదలుపెడుతుంది. 1988లో రాఫ్, నోబుల్ బృందాల పనిలో బయటపడ్డ లోపలి గడియారం ఇదే. టీ3 తోడైతే ఇంకా త్వరగా ఆగుతుంది. ఎఫ్‌జీఎఫ్2 (ఇంకో పెరుగుదల ఫ్యాక్టర్) కూడా కలిపితే పరిణతి ఆగి విభజన సాగుతూ ఉంటుందని 1990లో తేలింది.

కాబట్టి పెంచేటప్పుడు బీ27 తీసేసి టీ3 లేని ఎన్2 సప్లిమెంట్ వాడండి, పీడీజీఎఫ్ 10, ఎఫ్‌జీఎఫ్2 10 నానో చొప్పున వేయండి. ఎన్2లోని ఇన్సులిన్ (5 మైక్రోగ్రాములు/మి.లీ.) మాత్రం తీయొద్దు. అంత మోతాదులో అది ఐజీఎఫ్-1 గ్రాహకాన్ని తట్టి కణాలను బతికిస్తుంది. పరిణతి కావాలనుకున్నప్పుడు రెండు ఫ్యాక్టర్లూ తీసేసి, రెండుసార్లు కడిగి, టీ3 40 నానోగ్రాములు/మి.లీ. ఇవ్వండి. కడగడం సరిగా లేక ఎఫ్‌జీఎఫ్2 మిగిలిందా, కొమ్మలు పొడుగ్గా సాగుతాయి గానీ ఎంబీపీ రాదు.

ఇంకోటి, షేకింగ్ అయ్యాక సీరం చుక్క మిగలకూడదు. మిగిలితే అవే కణాలు జీఎఫ్ఏపీ ప్రోటీన్ ఉన్న ఆస్ట్రోసైట్ల (ఇంకో రకం గ్లియా) వైపు పోతాయి.

కోల్డ్‌రూమ్_కాపలా:
పీడీజీఎఫ్‌ను 4 మిల్లీమోలార్ హెచ్‌సీఎల్‌లో, 0.1% బీఎస్ఏతో (ఆల్బుమిన్ ప్రోటీన్) కరిగించండి. బీఎస్ఏ లేకుంటే ట్యూబు గోడకే అంటుకుపోతుంది, మీరు 10 అనుకునేది 3 అయినా కావచ్చు. చిన్న భాగాలుగా మైనస్ 80లో పెట్టండి, కరిగింది మళ్లీ గడ్డ కట్టించొద్దు. ఎఫ్‌జీఎఫ్2కి యాసిడ్ పనికిరాదు, పీబీఎస్-బీఎస్ఏ చాలు. 37 డిగ్రీల దగ్గర అది త్వరగా బలహీనపడుతుంది, రోజూ తాజాగా వేయాల్సిందే. ఎండాకాలంలో పార్సిల్‌లో ఐస్‌ప్యాక్ కరిగి వచ్చిందని కంగారు పడకండి, పొడిగా ఉన్న ఫ్యాక్టర్ మామూలుగా తట్టుకుంటుంది.

షేకర్‌వాలా:
ఎండాకాలం అంటే గుర్తొచ్చింది. మామూలు సీఓ2 ఇంక్యుబేటర్‌లో హీటరే ఉంటుంది, చల్లబరిచేది ఏదీ ఉండదు. గది ఇంక్యుబేటర్‌లో పెట్టిన 37 కంటే కనీసం 5 డిగ్రీలు చల్లగా ఉండాలి. మన హైదరాబాద్ మే నెలలో రాత్రి ఏసీ ఆపేసి, లోపల షేకర్ మోటార్ తిప్పితే 37 కాస్తా 39 దాటుతుంది. ముందుగా ఒక ఫ్లాస్కులో నీళ్లు పోసి, థర్మామీటర్ ముంచి, షేకర్ తిప్పి చూసుకోండి. మైక్రోగ్లియాను (మెదడులోని రక్షక కణాలు) వదిలించుకోవడానికి 200 ఆర్‌పీఎంలో గంట షేక్ చేసి ఆ మీడియం పారబోయాలి, ఆపై కొత్త మీడియంలో 18–20 గంటలు. చివర్లో కోటింగ్ లేని పెట్రీ డిష్‌లో అరగంట ఉంచితే మిగిలిన మైక్రోగ్లియా అడుగున అంటుకుంటుంది, పైన తేలేవే మీకు కావాల్సినవి.

తార్నాక_గ్లియా:
బీ27 మారుస్తాను. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్ల పరీక్ష) ఇంకో చిక్కు: పీడీజీఎఫ్ ఇచ్చినా ఇవ్వకున్నా ఫాస్ఫో-ఏకేటీ (కణం లోపలి సంకేత ప్రోటీన్, ఫాస్ఫేట్ తగిలిన రూపం) ఒకేలా వస్తోంది.

బ్యాండ్_బాజా:
అది ఇన్సులిన్ పని. దాన్నీ ఫ్యాక్టర్లనూ తీసేసి 2–4 గంటలు ఉంచాక పీడీజీఎఫ్ 10 నిమిషాలు ఇవ్వండి. ఇంకో సంకేత ప్రోటీన్ ఫాస్ఫో-ఈఆర్‌కే మొదటి 5–10 నిమిషాల్లోనే బాగా లేస్తుంది, గంట తర్వాత వెతికి లాభం లేదు. లైసిస్ (కణాలను పగలగొట్టడం) మంచు మీద, ఫాస్ఫేట్ ఊడిపోకుండా ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లతో. బ్లాకింగ్‌కి పాలపొడి వద్దు, కేసిన్ ఫాస్ఫోప్రోటీనే కాబట్టి నేపథ్యం పెరిగి బ్యాండ్లు స్పష్టంగా కనబడవు, బీఎస్ఏ వాడండి. ఎంబీపీ బ్యాండ్లు 14 నుంచి 21.5 కేడీ మధ్య ఉంటాయి, 15% జెల్ పోయండి, లేకుంటే కిందికి జారిపోతాయి.

ఓ4 (ఈ కణాలను గుర్తుపట్టే యాంటీబాడీ) స్టెయిన్‌కి ట్రైటన్ డిటర్జెంట్ తగలనివ్వకండి, ఓ4 పట్టేది లిపిడ్‌ను, డిటర్జెంట్‌తో అది కొట్టుకుపోతుంది. ముందు ఓ4, ఫిక్స్ చేశాక ట్రైటన్, ఆపైన ఎంబీపీ. ఓ4 యాంటీబాడీ ఐజీఎం రకం కాబట్టి సెకండరీ కూడా ఐజీఎంకి పనిచేసేదే ఉండాలి.