‘గురుత్వ త్వరణం’లో గురుత్వం అంటే బరువేనా?

విజయనగరం నుంచి:
తొమ్మిదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. బోర్డు మీద ‘గురుత్వ త్వరణం’ (త్వరణమంటే వేగం మారే రేటు) అని రాయగానే ఒక పాప, “గురువు అంటే బరువైనదని ఛందస్సు పాఠంలో చెప్పారండి. మరి బరువు ఎక్కువైతే త్వరణం ఎక్కువా?” అంది. కాదన్నాను. అయితే ఆ పేరెందుకట! మాట తెలిసినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి నుంచి:
పాప గట్టిదే. సంస్కృతంలో గురు అంటే బరువైనదనే. ఇంగ్లీషు గ్రావిటీకి మూలమైన లాటిన్ గ్రావిస్ కూడా దీనికి చుట్టమే, కాబట్టి ఈ చిక్కు ఇంగ్లీషు మీడియం పిల్లలకూ ఉంది. మన ప్రాచీన తత్వశాస్త్ర గ్రంథం వైశేషిక సూత్రాల్లో ‘సంయోగాభావే గురుత్వాత్ పతనమ్’ అని ఉంది. పట్టి ఉంచేది లేకపోతే గురుత్వం వల్ల పడుతుందని. అక్కడ గురుత్వం వస్తువుకున్న గుణం. భూమి లాగుతుందన్న మాట ఆ సూత్రంలో లేదు, దయచేసి న్యూటన్‌కి ముడిపెట్టకండి.

ఆమదాలవలస నుంచి:
మాస్టారూ, ఫిజిక్స్ సంగతి నేను చెబుతాను. పెద్ద రాయిని భూమి ఎక్కువ బలంతోనే లాగుతుంది. కానీ దాన్ని కదిలించడమూ అంతే కష్టం. రెండూ ద్రవ్యరాశిని (వస్తువులో ఉన్న పదార్థాన్ని) బట్టే పెరుగుతాయి గనక లెక్కలో కొట్టుకుపోతాయి. మిగిలేది ప్రతి సెకనుకూ వేగం సెకనుకు సుమారు 9.8 మీటర్ల చొప్పున పెరగడం. (భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. మన జిల్లాల్లో 9.78 కన్నా పిసరంత ఎక్కువ.) 1971లో అపోలో 15 యాత్రలో వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనీ కలిపి వదిలితే రెండూ ఒక్కసారే నేలను తాకాయి. అక్కడ అడ్డుకోవడానికి గాలి లేదు.

నన్నడిగితే తప్పు పట్టాల్సింది ‘గురుత్వాకర్షణ’లోని ఆకర్షణను. మనకు ఒంటికి తెలిసే బరువు భూమి లాగడం కాదు, కిందున్న నేల పైకి నెట్టడం. పైడితల్లి జాతరలో జెయింట్ వీల్ ఎక్కండి. పైకి చేరి దిగబోయే చోట సీటు నెట్టడం తగ్గుతుంది, కడుపులో ఖాళీ అయినట్టుంటుంది. పూర్తిగా పడిపోతున్న మనిషికి తన బరువే తెలియదని ఐన్‌స్టీన్‌కు 1907లో తట్టింది. ఎక్కడో శూన్యంలో రాకెట్ 9.8 త్వరణంతో దూసుకుపోతుంటే, కిటికీలు మూసుకున్న లోపలివాడికి నేల మీద నిలబడ్డట్టే ఉంటుంది. దీన్నే తుల్యతా సూత్రం అంటారు. గురుత్వాన్ని వివరించే ఆయన 1915 నాటి సాధారణ సాపేక్ష సిద్ధాంతం దీని మీదే లేచింది. అలా చూస్తే గురుత్వం పక్కన త్వరణం ఉండటమే న్యాయం.

విజయనగరం నుంచి:
బాగుందండీ. పిల్లలకు ‘పతన త్వరణం’ అని చెబితే సులువు కదా?

ఆమదాలవలస నుంచి:
వద్దండి. పైకి విసిరిన బంతికి, పైకి వెళ్తున్నంతసేపూ ఆ త్వరణం కిందికే ఉంటుంది. పతనం అన్నారంటే, బంతి పడటం మొదలయ్యే దాకా త్వరణం లేదనుకుంటారు.