పాప అన్నప్రాసనకి కెమెరా కొనాలి: మిర్రర్‌లెస్సా, పెద్ద సెన్సర్ కాంపాక్టా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. వచ్చే నెల మా పాప అన్నప్రాసన. ఇన్నాళ్లూ ఫోన్‌తోనే లాక్కొచ్చాను, ఇప్పుడు ఒక కెమెరా కొందామని ఇంట్లో ఒప్పించాను. చివరికి రెండు మిగిలాయి. కెనన్ ఆర్50, అంటే లెన్సులు మార్చుకునే మిర్రర్‌లెస్ కెమెరా, దాంతో పాటే వచ్చే 18-45 కిట్ లెన్స్. లేదంటే కెనన్ జీ7ఎక్స్ మార్క్ 3, అంటే ఒక అంగుళం సెన్సర్ (వెలుతురు పట్టే చిప్) ఉన్న కాంపాక్ట్, లెన్స్ ఊడని చిన్న కెమెరా. షాపులో అడిగితే "సెన్సర్ పెద్దది సార్, కళ్లు మూసుకుని మిర్రర్‌లెస్ తీసుకోండి" అన్నారు. ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుతురులో ఏది బాగా తీస్తుంది? ఫ్లాష్ విడిగా కొనాలా? సెకండ్ హ్యాండ్ అయితే ఫర్వాలేదా? మా అమ్మ కూడా వాడగలగాలి. లెన్సులు మార్చే ఓపిక నాకు ఉంటుందో లేదో ఇప్పుడే చెప్పలేను.

పందిట్లో కెమెరా:
పదకొండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను, నా మాట వినండి. మిర్రర్‌లెస్సే. ఒక అంగుళం సెన్సర్ కొలత 13.2 బై 8.8 మిల్లీమీటర్లు, పేరులో తప్ప అందులో అంగుళం ఎక్కడా లేదు. ఆర్50లో ఉండే కెనన్ ఏపీఎస్-సీ సైజు సెన్సర్ 22.3 బై 14.9. దాదాపు మూడింతల వైశాల్యం. పెద్ద సెన్సర్‌కి ఎక్కువ వెలుతురు, ఎక్కువ వెలుతురుకి తక్కువ నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు), అంతే. కాంపాక్ట్ డబ్బులు దండగ.

ఓరుగల్లు వాకిలి:
దండగ అని ఎలా అంటారండీ? నా దగ్గర రికో జీఆర్ 3 ఉంది. అదీ కాంపాక్టే, కానీ లోపల ఉన్నది ఏపీఎస్-సీ సెన్సర్. బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది. రామప్ప గుడికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. రంగమంటపంలో పైకప్పు చెక్కడాలు చూశారు కదా, అక్కడ మధ్యాహ్నం కూడా చీకటిగానే ఉంటుంది. ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. నేను స్తంభానికి వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి, సెకనులో ఎనిమిదో వంతు షట్టర్‌తో తీస్తాను. అందులో చెయ్యి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ ఉంది కాబట్టి నాలుగిట్లో రెండు గట్టిగా నిలబడతాయి. పెద్ద కెమెరా మెడలో వేసుకున్న రోజుల్లో అందరూ నన్నే చూసేవాళ్లు, ఇప్పుడు ఎవరికీ పట్టదు. ఇంట్లో బీరువాలో ఉండే కెమెరా కంటే జేబులో ఉండే కెమెరాయే నాకు పనికొచ్చింది.

పందిట్లో కెమెరా:
జీఆర్‌కి జూమ్ లేదు, 28 మిల్లీమీటర్ల వెడల్పు చూపు ఒక్కటే. అన్నప్రాసనలో పాప ముఖం కావాలంటే పాయసం గిన్నెలో మోచెయ్యి పెట్టాలి. ఆయన అడిగింది జీ7ఎక్స్ గురించి.

లెక్కల పలక:
పెళ్లిళ్లు తీసే అన్న చెప్పింది సగమే. సెన్సర్ ఒక్కటే చూసి లెన్స్ వదిలేస్తే లెక్క తప్పుతుంది. ఎఫ్ నంబరు ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు వదులుతుంది. ఆర్50 కిట్ లెన్స్ ఎఫ్ 4.5 దగ్గర మొదలై 6.3 దాకా పోతుంది. జీ7ఎక్స్ లెన్స్ ఎఫ్ 1.8 నుంచి 2.8. ఒకే గదిలో, ఒకే షట్టర్ స్పీడ్‌లో కాంపాక్ట్ ఐఎస్ఓ (వెలుతురు చాలకపోతే పెంచే అంకె) 800 దగ్గర ఉంటే కిట్ లెన్స్‌తో ఆర్50 ఐఎస్ఓ 5000కి పోవాలి. సెన్సర్ దాదాపు మూడింతలు పెద్దదే, కానీ లెన్స్ లోపలికి వదిలే వెలుతురు ఆరింతలు తక్కువ. రెండూ కలిపి చూస్తే కాంపాక్ట్‌కే రెట్టింపు వెలుతురు అందుతోంది. షాపు వాళ్లు ఈ మాట చెప్పరు.

పందిట్లో కెమెరా:
ఈ లెక్కలు ఇంటర్నెట్‌లో బోలెడు చదివాను. ఎఫ్ 1.8 అంటే ఎఫ్ 1.8, ఎక్కడైనా అంతే. అలాంటప్పుడు సెన్సర్ వైశాల్యంతో కూడికలు తీసివేతలు ఎందుకు? ఫొటో తీసేవాళ్లు లెక్కలు వెయ్యరు, తీసి చూస్తారు.

లెక్కల పలక:
వాకిట్లో వాన పడుతోంది అనుకోండి. ఒక చెంబు, ఒక తాంబాళం పక్కపక్కన పెట్టారు. వాన జోరు రెండింటి మీదా ఒకటే, అదే మీరు చెప్పే ఎఫ్ నంబరు. కానీ లోపల చేరిన నీళ్లు ఒకటి కాదు. తాంబాళం పెద్దది, నిజమే. మీరేమో తాంబాళాన్ని చూరు కిందకి తోసి, చెంబుని వాకిట్లో పెట్టారు. అలాంటప్పుడు చెంబులోనే ఎక్కువ నీళ్లు పడతాయి. కిట్ లెన్స్ అంటే ఆ చూరు.

పందిట్లో కెమెరా:
చెంబులు తాంబాళాలు వద్దు సార్. ఈ కాలంలో ఎన్ని ముహూర్తాలు రాత్రిపూట ఉంటాయో మీకు తెలుసా? జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మూడు సెకన్లు. అది పోతే ఆ ఇంటివాళ్లు జన్మలో క్షమించరు. ఆ మూడు సెకన్లు పట్టుకుని అన్నం తింటున్నవాణ్ణి. నాకు వెలుతురు గురించి పాఠాలు చెప్పకండి.

లెక్కల పలక:
మీ పనిని నేను తక్కువ చెయ్యలేదు. మీరు పెళ్లిళ్లకి కిట్ లెన్స్ పెట్టుకుని వెళ్తారా? వెళ్లరు కదా. మరి ఈయనకి కిట్ లెన్స్ ఎందుకు అంటగడుతున్నారు?

సముద్రపుగాలి:
విశాఖలో ఉండేవాళ్లకి సెన్సర్ కంటే పెద్ద శత్రువు ఫంగస్. మా ఇల్లు బీచ్‌కి రెండు వీధుల అవతల. నాలుగేళ్ల కిందట కెమెరాని లెదర్ కవర్‌లో పెట్టి వానాకాలమంతా అల్మారాలో ఉంచేశాను. కార్తీకంలో బయటికి తీసి టార్చ్ వేసి చూస్తే లెన్స్ లోపల సాలెగూడు పోగుల్లా తెల్లగా అల్లుకుపోయింది. అది కాంపాక్ట్, లెన్స్ ఊడదీసే వీలు లేదు, మొత్తం విప్పాలన్నారు. మిర్రర్‌లెస్ అయితే పాడైన లెన్స్ ఒక్కటే పోయేది, బాడీ మిగిలేది. ఇప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు, చిన్న తేమ మీటరు పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉందో లేదో వారానికోసారి చూసుకుంటాను. లెదర్ కవర్ మాత్రం వద్దే వద్దు, అదే తేమ పీల్చుకుంటుంది. రాజమండ్రి వైపు గోదారి గాలి కూడా తక్కువేం కాదు.

ములుగు రోడ్డు:
ఫంగస్‌కి అయినా టైమ్ పడుతుంది, దుమ్ముకి ఒక్క రోజు చాలు. మేడారం జాతరకి నా కాంపాక్ట్ తీసుకెళ్లాను. ఎద్దుల బండ్లు, బస్సులు, లక్షల కాళ్లు, గాలంతా ఎర్రటి దుమ్ము, దాని మీద పసుపు. జంపన్న వాగు దగ్గర జూమ్ లోపలికీ బయటికీ తిప్పుతుంటే కరకరమని చప్పుడు. జూమ్ బయటికి వచ్చినప్పుడల్లా లెన్స్ గాలి పీలుస్తుంది, గాలితో పాటు దుమ్ము కూడా పోతుంది. నిలువెత్తు బెల్లం తూకం ఫొటోలు బాగానే వచ్చాయి, కానీ ఇంటికొచ్చి చూస్తే ప్రతి ఆకాశంలో కుడివైపు పైన నల్లటి మచ్చ. సర్వీస్ సెంటర్‌లో చెప్పిన ఖర్చు కెమెరా ధరలో సగం. మిర్రర్‌లెస్ సెన్సర్ మీద దుమ్ము పడితే నేనే బ్లోయర్‌తో ఊదేసుకుంటాను. కాంపాక్ట్‌లో దుమ్ము పడదు అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఓరుగల్లు వాకిలి:
జాతరకి వెళ్తే ఏ కెమెరాకైనా దుమ్ము పడుతుంది తమ్ముడూ. ఆ దుమ్ములో నిలబడి మిర్రర్‌లెస్‌కి లెన్స్ మార్చి చూడు.

ములుగు రోడ్డు:
మార్చను. ఒకే లెన్స్‌తో ఉంటాను. అక్కడే తేడా ఉందన్నా, పాడైతే బాగు చేసుకునే దారి ఉందా లేదా అన్నదే నా బాధ.

పిట్టలదొర:
పక్షుల మాట ఎవరూ ఎత్తలేదు. మిర్రర్‌లెస్ కొంటే రేపు లెన్స్ మార్చుకోవచ్చు అన్నదే అసలు లాభం. నేను ఆర్50 బాడీకి ఆర్‌ఎఫ్ 100-400 పెట్టి కొల్లేరు ఆటపాకలో పెలికాన్లని తీస్తాను. లెన్స్ బరువు 635 గ్రాములు, మెడ నొప్పి రాదు. ఈ సెన్సర్ సైజు వల్ల చూపు 1.6 రెట్లు దగ్గరవుతుంది కాబట్టి 640 మిల్లీమీటర్ల దాకా అందుతుంది. పొద్దున్నే పడవ ఎక్కితే చెట్ల మీద గూళ్లల్లో పిల్లలు నోళ్లు తెరిచి తల్లి సంచిలోకి తలలు పెట్టేస్తుంటాయి. జీ7ఎక్స్ 100 దగ్గరే ఆగిపోతుంది. పక్షి చుక్కలా కనిపిస్తుంది.

అమ్మ చేతి కెమెరా:
ఆయన అడిగింది పసిపాప గురించి, మీరు పెలికాన్ల దాకా వెళ్లిపోయారు. నాకు ఇద్దరు పిల్లలు. ఒక్క విషయం ఎవరూ చెప్పడం లేదు: ఫోకస్. వెలుతురు లెక్కల్లో పలకగారు చెప్పింది సరైనదే కావచ్చు, కానీ జీ7ఎక్స్ మార్క్ 3లో ఫోకస్ కాంట్రాస్ట్ పద్ధతి. అంటే ముందుకీ వెనక్కీ వెతుక్కుని ఎక్కడ పదునుగా ఉందో అక్కడ ఆగుతుంది. ఆర్50లో ఉన్నది ఫేజ్ పద్ధతి, ఎటు ఎంత జరపాలో ముందే తెలుసుకుంటుంది, కన్నుని గుర్తుపట్టి వెంట పడుతుంది. కూర్చోబెట్టి తీసే ఫొటోకి రెండూ ఒకటే. పాకే పిల్లకి ఒకటి కాదు.

మా చిన్నవాడి అన్నప్రాసన చెబుతాను. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి వెండి గిన్నెలో పాయసం నాకించినంత సేపూ గొడవ లేదు, వాడు కదల్లేదు. తర్వాత చాప మీద పుస్తకం, పెన్ను, గొలుసు, పూలు, చిన్న చాకు పరిచి వదిలాం. వాడు పుస్తకం వైపు రెండడుగులు పాకి, ఆగి, మా అత్తగారి గాజుల చప్పుడుకి తల తిప్పి, ఒక్క ఉదుటున గొలుసు పట్టుకున్నాడు. అంతా కలిపి పది సెకన్లు ఉండదు. నా దగ్గర ఆర్50, దానికి ఆర్‌ఎఫ్ 50 ఎఫ్ 1.8. పిడికిట్లో గొలుసు వేలాడుతూ, వాడి కళ్లు నా వైపు ఉన్న ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. ఆ కన్ను మీద ఫోకస్ నిలిచింది కాబట్టి ఉంది.

లెక్కల పలక:
మేడమ్ చెప్పినది ఒప్పుకుంటున్నాను, ఫోకస్ నా లెక్కలో లేదు. ఆ 50 లెన్స్ పెడితే వెలుతురు లెక్క కూడా తిరగబడుతుంది. అది ఆర్50 మీద 80 మిల్లీమీటర్ల చూపు ఇస్తుంది. అదే చూపు దగ్గర కాంపాక్ట్ ఎఫ్ 2.8కి పడిపోతుంది కాబట్టి సుమారు ఏడింతల తేడా మిర్రర్‌లెస్ వైపే వస్తుంది. నేను మొదటి నుంచి చెబుతున్నదీ ఇదే, లెన్స్ చెప్పకుండా సెన్సర్ గురించి మాట్లాడొద్దని.

పందిట్లో కెమెరా:
నేనూ ఆ 50 కొనమనే చెప్పేవాణ్ణి, మధ్యలో మీరు చెంబులు తెచ్చారు. సరే. రాత్రి మా మేనకోడలి దగ్గర ఒక అంగుళం కాంపాక్ట్ ఉంటే తెప్పించి దేవుడి గదిలో రెండు దీపాల వెలుతురులో పోల్చి చూశాను. కిట్ లెన్స్‌తో పోలిస్తే కాంపాక్టే శుభ్రంగా ఉంది. అది అబద్ధం చెప్పను. కానీ ఆ ఒక్కదానికోసం పెరిగే దారి లేని కెమెరా కొనడం నాకు ఇప్పటికీ నచ్చదు.

ఫ్రిస్కో తెలుగు:
ఇక్కడ అమెరికాలో మా స్నేహితులంతా ఫ్యూజీ ఎక్స్100వీఐ అనే కాంపాక్ట్ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. 2024లో వచ్చిన కొత్తలో బాగా కొరత ఉండేది. నేను ఇండియా వచ్చేటప్పుడు ఎవరికైనా తెస్తాను గానీ, వారంటీ అక్కడ చెల్లుతుందో లేదో కొనే ముందే చూసుకోండి.

సముద్రపుగాలి:
అన్నా, ఎప్పుడు వస్తున్నారు?

అమ్మ చేతి కెమెరా:
గోదారిగట్టు గారూ, ఫ్లాష్ సంగతి కూడా చెప్పేస్తాను. రెండు కెమెరాల్లోనూ చిన్న ఫ్లాష్ లోపలే ఉంది, పాప ముఖం మీద నేరుగా మాత్రం కొట్టకండి. విడి ఫ్లాష్ పెట్టి తెల్లటి సీలింగ్ వైపు తిప్పి కొడితే గదంతా మెత్తగా వెలుగుతుంది. జీ7ఎక్స్ మీద ఆ ఫ్లాష్ పెట్టే చోటే లేదు. ఆర్50 మీద ఉంది, కానీ కొత్త రకం షూ, పాత ఫ్లాష్ అయితే అడాప్టర్ కొనాలి. ఇంకొకటి, ఎల్ఈడీ ట్యూబ్‌ల కింద సైలెంట్ మోడ్‌లో తీస్తే ఫొటోలో అడ్డంగా పట్టీలు రావచ్చు. మామూలు షట్టర్ పెట్టి, సెకనులో వందో వంతు దగ్గర ఉంచండి.

గోదారిగట్టు:
అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం అమ్మని తీసుకుని షాపుకి వెళ్లాను. గుమ్మం బయట ఎండలో రెండూ అమ్మ చేతికిచ్చాను. కాంపాక్ట్‌కి కన్ను పెట్టే వ్యూఫైండర్ లేదు, ఆ వెలుతురులో స్క్రీన్ మీద ఏమీ కనబడటం లేదంది. ఆర్50 వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం తిప్పి తన చూపుకి సరిచేసి ఇస్తే, కళ్లజోడు తీసేసి, రోడ్డు మీద జామకాయల బండి ఫొటో తీసింది. ఆర్50 తీసుకోవడానికే నిర్ణయించుకున్నాం. 50 లెన్స్ మాత్రం సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాను, దాని గురించి నేను అడిగితే ఎవరూ చెప్పలేదు.

ములుగు రోడ్డు:
నేను చెబుతాను, నా డబ్బులు పోయి నేర్చుకున్నది. లెన్స్‌ని చీకటి గదిలో పట్టుకుని వెనక నుంచి టార్చ్ కొట్టి పక్క నుంచి చూడండి. ఒకటీ అరా దుమ్ము కణాలు ఫర్వాలేదు, పోగులు గానీ పొగ మంచులా గానీ ఉంటే వదిలేయండి. మీ బాడీకే తగిలించి ఎఫ్ 1.8లో ఒక దినపత్రికని గోడకి అంటించి తీయండి, నాలుగు మూలల్లో ఒక మూల మాత్రమే మసకగా ఉంటే ఆ లెన్స్ ఎప్పుడో కింద పడిందన్నమాట. ఎవరైనా వాడిన కాంపాక్ట్ కొంటుంటే జూమ్ ఇరవై సార్లు లోపలికీ బయటికీ తిప్పి చప్పుడు వినండి, ఆ తర్వాత ఎఫ్ 11 పెట్టి తెల్ల గోడని తీసి, ఫొటో పెద్దది చేసి కుడివైపు పైన చూడండి.