గ్యూజ్ బీరు జిగురుగా పడుతోంది, ఎంతకాలం ఆగాలి?

బ్రస్సెల్స్‌లో ఉంటాను. దగ్గర్లోని ఒక చిన్న బ్రూవరీలో గ్యూజ్ కేసు కొన్నాను. ఓక్ పీపాల్లో ఒకటి, రెండు, మూడేళ్లు మాగిన లాంబిక్‌లను (సహజ ఈస్ట్‌తో దానంతటదే పులిసే పుల్లని బెల్జియం బీరు) కలిపి, సీసాలో మళ్లీ పులియనిచ్చే బీరు ఇది. 750 మి.లీ. సీసాలు, కార్క్ బిరడా. నింపి ఐదు నెలలైంది.

గ్లాసులో పోస్తే బెండకాయ జిగురులా తీగ సాగుతోంది. గ్యాస్ తక్కువ, నురగ నిలవదు, వెన్న వాసన కొడుతోంది. రుచి మాత్రం నిజంగా బాగుంది: శుభ్రమైన పులుపు, నిమ్మతొక్క చేదు, చివర్లో ఓక్ వగరు. వెనిగర్ ఘాటు గానీ, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన గానీ లేవు. అందుకే పాడైపోయిందని నాకు అనిపించడం లేదు. నాలుక మీద ఆ నూనెలాంటి మందమే తాగనివ్వడం లేదు.

ఫ్రిజ్ చలి మీద, 12 డిగ్రీల దగ్గర, గది వేడిలో కూడా రుచి చూశాను. వేరే సీసా తీసినా అంతే. జగ్గులో పోసి గట్టిగా తిప్పితే తీగ కాస్త తెగింది, వెన్న వాసన పోలేదు.

పీడియోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల ఇలా అవుతుందనీ, బ్రెట్టనోమైసిస్ ఈస్ట్ నెమ్మదిగా ఆ జిగురును విరగ్గొడుతుందనీ తెలుసు. పీపాలో ఉన్నప్పుడు ఇది మామూలే. కానీ ఇప్పుడు సీసాలో ఉంది. మిగిలినవి నేలమాళిగలో 14 డిగ్రీల దగ్గర పడుకోబెట్టాను, పారబోయడానికి మనసొప్పడం లేదు.

ఇలాంటి సీసాలు దాచినవాళ్లు చెప్పండి: జిగురు పూర్తిగా పోవడానికి ఏ ఉష్ణోగ్రతలో ఎన్ని నెలలు పట్టింది?