‘సైరెన్స్’: ఒక రాప్ ఆల్బమ్ పేరులో శ్లేష

ప్రశ్న: బ్రూక్లిన్ రాపర్ ‘కా’ 2018లో బీట్లు కట్టే ఆనిమాస్‌తో కలిసి చేసిన ఆల్బమ్ పేరు ‘ఆర్ఫియస్ వర్సెస్ ద సైరెన్స్’. ఇందులో ‘సైరెన్స్’ శ్లేషేనా? మన లెక్కలో ఏ రకం?

జవాబు: శ్లేషేనండి, అభంగ శ్లేష. మాటను విరవక్కర్లేదు, ఉన్నదున్నట్టే రెండర్థాలిస్తుంది. గ్రీకు కథలో సైరెన్లు పాటతో నావికుల్ని మైమరపించి ప్రాణం తీసేవాళ్లు. ఆర్ఫియస్ తన వాద్యంతో వాళ్ల పాటను మించి తోటివాళ్లను కాపాడతాడు. రెండో అర్థం ఫైరింజన్ సైరన్. కా అసలు పేరు కసీమ్ రయన్, పుట్టి పెరిగింది బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్‌లో. న్యూయార్క్ అగ్నిమాపక దళంలో ఇరవై ఏళ్లు పనిచేసి కెప్టెన్ అయ్యారు. 2001 సెప్టెంబర్ 11న సహాయానికి వెళ్లినవాళ్లలో ఆయనా ఉన్నారు. ఆ చప్పుడు వింటే అందరూ పక్కకు తప్పుకుంటారు, ఆయన మాత్రం మంటల వైపు వెళ్లాలి. ఇది తెలిశాక ఆ పేరు నాకు చమత్కారంగా అనిపించలేదు.

మరొకరు: ఆయన 2013 ఆల్బమ్ ‘ద నైట్స్ గాంబిట్’ కూడా ఇలాంటిదేనా? చీకటి పడే నైట్, చదరంగంలో గుర్రం నైట్.

జవాబు: కొంచెం తేడా ఉంది. అక్కడ స్పెల్లింగులు వేరు, పలుకు ఒకటే. అట్ట మీద రాసింది రాత్రి, చెవికి గుర్రం కూడా వినిపిస్తుంది. మనం పలికినట్టే రాస్తాం కాబట్టి తెలుగులో ఈ వెసులుబాటు తక్కువ. అందుకే మన ద్వ్యర్థి కవులు విరుపును నమ్ముకున్నారు. సూరన రాఘవపాండవీయంలో రెండు కథలు ఒకే పద్యంలో నడవడానికి సభంగ శ్లేష, అంటే మాటను విరిచి చేసే శ్లేష, ఎంత సాయపడిందో చూడండి. కా 2022 ఆల్బమ్ ‘లాంగ్విష్ ఆర్ట్స్’ మరీ బాగుంటుంది. బడిలో చెప్పే లాంగ్వేజ్ ఆర్ట్స్‌ని కాస్త మార్చి, కుంగి కృశించడాన్ని చదువుగా చేసేశారు.

మరొకరు: ఇన్ని శ్లేషల మధ్య ఆయన పాటల్లోని అంతర్ముఖత్వం నిలుస్తుందా? నాకైతే విద్యాప్రదర్శనలా ఉంది.

జవాబు: వింటే అలా అనరు. ప్రదర్శించేవాడు గొంతు పెంచుతాడు. ఈయనది దాదాపు గుసగుస, చాలా పాటల్లో డ్రమ్స్ కూడా ఉండవు. ఒక మాట రెండోసారి మనసులో మోగడానికి కావాల్సినంత ఖాళీ వదులుతారు. తొంభైలలో నేచురల్ ఎలిమెంట్స్ బృందంలో ఉన్నా నిలదొక్కుకోలేదు. సొంతంగా తొలి ఆల్బమ్ ‘ఐరన్ వర్క్స్’ తెచ్చేసరికి 2008. ముప్పై దాటాక, ఉద్యోగం చేస్తూనే, పెద్ద కంపెనీల ప్రమేయం లేకుండా ఒక్కోటీ తనే విడుదల చేసుకున్నారు. బీట్లూ చాలావరకు తనవే. వయసొచ్చిన మనిషి తన బాల్యపు వీధిని తిరిగి చూసుకుంటున్నప్పుడు, అప్పటి అర్థం ఇప్పటి అర్థం ఒకే మాటలో పడతాయి. ఆయన శ్లేష అక్కడ పుట్టిందని నా నమ్మకం.

2024 అక్టోబర్‌లో, 52 ఏళ్లకే పోయారు. కొత్తగా వినేవాళ్లకు ఒక్క మనవి: పాటల సాహిత్యం ముందే చదవకండి. చదివితే రాత్రి ‘నైట్’ ఒక్కటే కనిపిస్తుంది.