రేస్ 3 చూసి పడీ పడీ నవ్వితే తప్పా?

మ్యాట్నీమూర్తి:
మొన్న శనివారం రాత్రి రూమ్‌లో నలుగురం కూర్చుని రేస్ 3 హిందీ సినిమా పెట్టినం, నేనైతే ఏడోసారి, అవును ఏడు. 2008లో మొదటి రేస్, 2013లో రెండోది అబ్బాస్-మస్తాన్ తీసిండ్రు, వాటిల్లో ట్విస్టులు కనీసం ట్విస్టుల్లెక్క ఉండేవి. 2018 ఈద్‌కి మూడోది రెమో డిసౌజా చేతికిచ్చి మొదటి రెండిట్ల హీరో సైఫ్ అలీ ఖాన్ ప్లేస్‌ల సల్మాన్ ఖాన్‌ని పెట్టిండ్రు, ఇగ సూస్కోండి. ఆయుధాల దందా చేసే ఫ్యామిలీ, ఎవరు ఎవరి కొడుకో, ఎవరు ఎవర్ని ముంచుతున్నరో చివరికొచ్చేసరికి లెక్క తప్పుతది, డైసీ షా చాలా సీరియస్‌గా మొహం పెట్టి ఒక్క డైలాగ్‌లో బిజినెస్ అనే మాట మూడుసార్లు అంటది, సల్మాన్, బాబీ డియోల్ అయితే చొక్కాలు విప్పి మరీ కొట్టుకుంటరు (ఎందుకు విప్పిండ్రని అడగొద్దు, ఉక్కపోత అనుకోండి). ఒక పాటకి లిరిక్స్ కూడా సల్మానే రాసిండు. మేం కింద పడి దొర్లుతుంటే మా బావ పక్క గదిలకెల్లి వచ్చి "వందల మంది కష్టపడి తీసింది, అట్ల ఎక్కిరిస్తే పాపం కాదారా" అని క్లాస్ పీకిండు. ఆదివారం మొత్తం మాట్లాడలే. చెప్పండి, తప్పా?

సీటు నం. 14:
మీ బావగారిదే కరెక్ట్, కానీ కారణం వేరు. పాపం గీపం కాదు, డబ్బు. ఆ సినిమా మొదటి మూడు రోజుల్లోనే మన దేశంలో వంద కోట్లు దాటింది. అందులో అభిమానంతో వచ్చినోళ్లెందరు, మీలాగా వెక్కిరించడానికి వచ్చినోళ్లెందరు అని ప్రొడ్యూసర్ విడదీసి చూసుకోడు కదా, గల్లాపెట్టె నిండిందా లేదా అంతే. నువ్వు ఏడుసార్లు చూశావ్, అదే వారం వచ్చిన ఓ మంచి చిన్న సినిమా పేరైనా గుర్తుందా?

మ్యాట్నీమూర్తి:
గుర్తులేదు అన్నా. దెబ్బ గట్టిగనే తగిలింది. కానీ నేను థియేటర్ల ఒక్కసారే చూసిన, మిగతా ఆరూ ఇంట్లనే.

కృష్ణానగర్ కత్తెర:
నేను ఎడిటింగ్ అసిస్టెంట్‌ని, పేర్లు అడక్కండి. కష్టం కష్టం అంటున్నారు కదా, మీకన్నా ఎక్కువ నవ్వేది ఎడిట్ రూమ్‌లో మేమే బాబూ. ఇలాంటి సీన్లు ఎలా పుడతాయో చెప్తా. ఇద్దరు పెద్ద ఆర్టిస్టుల కాంబినేషన్ సీన్, ఇద్దరి డేట్లూ కలవవు, ఒకాయనవి ఈ నెల తీసేస్తారు, రెండో ఆయనవి రెండు నెలల తర్వాత గ్రీన్ మ్యాట్ (వెనక సీను తర్వాత కంప్యూటర్లో అతికించే పచ్చ తెర) ముందు. సజెషన్ షాట్‌కి, అంటే ఒకాయన భుజం మీంచి ఎదుటాయన్ని చూపించే షాట్‌కి, డూప్‌ని నిలబెడతారు. నేను చేసిన ఒక దాంట్లో డూప్ అసలాయన కన్నా జానెడు పొడుగు, దాంతో ఎదుటాయన డైలాగ్ చెప్తున్నంతసేపూ గాల్లోకి చూస్తుంటాడు, లుక్ (ఇద్దరి చూపులు) కలవదు, ఎన్ని రకాలుగా కట్ చేసినా కలవదు, ఆఖరికి మధ్యలో ఎగిరే పావురాల షాట్ వేసి అతికించాం. థియేటర్లో అక్కడ జనం గొల్లుమన్నారు. డైరెక్టర్ గారు నా ముందు వరసలోనే ఉన్నారు, మెడ ఒక్కసారిగా భుజాల్లోకి దిగిపోయింది మనిషికి. ఆ సీన్ గుర్తొస్తే నాకు ఇప్పటికీ నవ్వు రాదు. పావురాల ఐడియా నాదే లెండి. కానీ వేరేవాళ్ల సినిమాకి మర్నాడే నవ్వాను, అబద్ధం ఎందుకు.

ఎల్బీనగర్ పిల్ల:
రేస్ 3కి నవ్వుకోండి నాకేం బాధ లేదు, కోట్లు పెట్టి తీసినోళ్లే. నా ప్రాబ్లం గుండా అనే హిందీ సినిమా చూసి నవ్వే బ్యాచ్‌తో. 1998ది, డైరెక్టర్ కాంతి షా, హీరో మిథున్ చక్రవర్తి, విలన్లు ఒక్కొక్కరు వచ్చి ప్రాసలో పరిచయం చేసుకుంటరు, ఇంజినీరింగ్ హాస్టళ్లలో దాన్ని భగవద్గీత లెక్క బట్టీ పట్టినోళ్లున్నరు. మా క్లాస్‌మేట్స్ ప్రొజెక్టర్ పెట్టి చూపించిండ్రు ఒకసారి. హీరో చెల్లెలి మీద అత్యాచారం సీన్ వచ్చింది, ముందు సీన్‌కి నవ్విన ఊపులోనే దానికి కూడా నవ్విండ్రు, ఆగలేదు. తీసిన తీరు చెత్తగుంది కాబట్టి నవ్వొస్తది అంటరు. ఆ రూమ్‌లో ముగ్గురం ఆడపిల్లలం, ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నం, లేచి పోయినం. అది మీరెవ్వరూ గమనించి కూడా ఉండరు.

మ్యాట్నీమూర్తి:
అక్కా, నేను కూడా హాస్టల్లనే చూసిన గుండా. ఆ సీన్ దగ్గర నవ్విన్నా లేదా గుర్తు తెచ్చుకుంటున్న, నవ్వే ఉంటా. ఇగ దాని గురించి వాదించను. నేను అనేది జానీ దుష్మన్ లాంటివి, 2002ది. డైరెక్టర్ రాజ్‌కుమార్ కోహ్లీ కొడుకు అర్మాన్ కోసం తీసిన హిందీ సినిమా, అర్మాన్ ఇచ్ఛాధారి పాము, అంటే ఏ రూపమైనా ఎత్తే పాము, పగ తీర్చుకుంటడు, మధ్యల మ్యాట్రిక్స్ ఇంగ్లిష్ సినిమా లెక్క బుల్లెట్లు తప్పించుకుంటడు, నలభై దాటిన సునీల్ శెట్టి కాలేజీ స్టూడెంటు! అండ్ల ఒక్కడు కూడా ఇది జోకే అన్నట్టు కన్ను కొట్టడు, అందరూ ప్రాణం పెట్టి చేస్తుంటరు, నవ్వొచ్చేది అందుకే. ఈ మధ్య కావాలని చెత్తగా తీసి మేం కూడా జోకే అంటున్నరు కదా, అవి పది నిమిషాలు చూడలేం.

బెజవాడ బాల్కనీ:
అంతా బానే ఉంది గానీ ఒక్కటి అడుగుతానండీ. పల్నాటి బ్రహ్మనాయుడులో బాలయ్య తొడ కొడితే రైలు వెనక్కెళ్లే సీను హిందీవాళ్లు వాట్సాప్‌లో తిప్పి నవ్వుకుంటుంటే మనకెందుకండీ కాలుద్ది? నాకైతే కాలింది. ఢిల్లీలో పనిచేసేటప్పుడు లంచ్ టైములో ఒకడు ఫోన్ తెచ్చి చూపించాడు, ఇదేనా మీ సినిమా అని. మేం థియేటర్లో అదే సీనుకి కాగితాలు ఎగరేసి నవ్వినోళ్లమే, అయినా వాడు నవ్వేసరికి ఫిజిక్స్ కంటే ఫ్యాన్స్ ముఖ్యమని ఏదో వాగి వాదించాను.

సీటు నం. 14:
అదీ మాట. మనం నవ్వితే సరదా, బయటోడు నవ్వితే అవమానం. మూర్తీ, మీ బావగారు సల్మాన్ ఫ్యానా?

మ్యాట్నీమూర్తి:
...అడిగి చూస్త.

మ్యాట్నీమూర్తి:
అడిగిన. 1994 నుంచి అంట. హమ్ ఆప్కే హై కౌన్ సుదర్శన్‌లనో ఏడనో పదకొండుసార్లు చూసిండంట. పాపం గీపం అన్నదంతా అందుకే. రేస్ 3 మాత్రం సగంలనే లేచొచ్చిండంట థియేటర్లకెల్లి, ఆ ముచ్చట ఎవ్వరికీ చెప్పొద్దన్నడు.