క్రుశ్చేవ్ ఇళ్లు కుటుంబాలను నిలబెట్టాయా?

అద్దెకొంప:
సోవియట్ యూనియన్‌లో క్రుశ్చేవ్ అధినేతగా ఉన్నప్పుడు, ఇళ్ల నిర్మాణంపై 1957లో చేసిన తీర్మానం తర్వాత కట్టిన ఐదంతస్తుల ఇళ్లంటే అందరికీ వెక్కిరింపే. లిఫ్టు లేదు, ఒప్పుకుంటాను. కానీ అంతవరకూ ఒక్క గదిలో కాపురమున్న కోట్లమందికి సొంత గడప దొరికింది. అద్దె రేట్లు 1928 నుంచి దాదాపు పెరగనే లేదు. నేను పదకొండు నెలలకోసారి సామాను సర్దుతున్నాను. మా అమ్మాయి మూడు బడులు మారింది.

మాస్కో మాస్టారు:
ఆ సొంత గడప అందరికీ దక్కలేదండీ. నేను 1980లలో అక్కడ చదువుకున్నాను. మా రష్యన్ టీచరుది అప్పటికీ ఉమ్మడి ఫ్లాటే, 'కొమ్మునాల్కా' అంటారు. నాలుగు కుటుంబాలకు ఒకటే మరుగుదొడ్డి, అందులో నాలుగు బల్బులు. ఎవరి స్విచ్చి వాళ్ల గదిలో. ఆమె కోసం గంట మూడుసార్లు కొట్టాలి. పొరపాటున రెండుసార్లు కొడితే పక్కావిడ సణుక్కుంటూ వచ్చేది. ఇక కొత్త ఇళ్లలో వంటగది ఆరు చదరపు మీటర్లు!

అద్దెకొంప:
అంటే దాదాపు అరవై అయిదు చదరపుటడుగులు. మా వంటగది నలభై అయిదు. టేపు పెట్టి కొలిచాను.

చదువరి:
చాలా ఇళ్లలో అయిదున్నర మీటర్లే.

అద్దెకొంప:
అయినా మాకన్నా పెద్దదే!

సుభద్ర:
వంటగది కొలతలు ఆపుతారా? ఇల్లు ఇచ్చేది ప్రభుత్వం, మనిషికి తొమ్మిది చదరపు మీటర్ల లెక్కన. పెళ్లయినా వరుసలో పేరు రాయించుకుని, ఏళ్ల తరబడి అత్తమామలతోనే సర్దుకోవాలి. ఎవరితో ఉండాలో కూడా మన చేతిలో లేనప్పుడు అద్దె చవకైతే ఏం లాభం?

మాస్కో మాస్టారు:
అదే నా మాటా. మా టీచరు విడాకులు తీసుకుంది. వేరే గది దొరకలేదు. మధ్యలో బీరువా అడ్డం పెట్టుకున్నారు: అటు మాజీ భర్త, ఇటు ఆమె, కొడుకు. ఆయన దగ్గితే పాఠం ఆపేసేది.

అద్దెకొంప:
ఆమెను ఎవరూ వీధిలోకి నెట్టలేదు కదా!

సుభద్ర:
మీ ఇంటి యజమాని మీద కోపం మా మీద చూపకండి.

అద్దెకొంప:
యజమాని సంగతి కాదమ్మా. మా అక్క విడాకులైన రోజునే ఒక సూట్‌కేసుతో వచ్చింది. ఎనిమిది నెలలుగా ఆ నలభై అయిదు అడుగుల్లోనే పడుకుంటోంది. పొద్దున్నే పరుపు చుట్టేస్తే తప్ప పొయ్యి వెలిగించలేం. బీరువాకు ఇవతల సగం గది ఇస్తానంటే కళ్లకద్దుకునేది.

మాస్కో మాస్టారు:
క్షమించండి, తెలియదు. కానీ మా టీచరు ఒకసారి అన్నది, "నన్ను గెంటేసినా బాగుండేది" అని.

అద్దెకొంప:
తలమీద కప్పు ఉంది కాబట్టి అనగలిగింది. మా అక్క అనదు.